పేరు దాచిన తండ్రి: ‘ది గన్‌ఫైటర్’ చిత్రం – జాన్ వెస్లీ హార్డిన్ చరిత్ర

వ్యాససంగ్రహం

తుపాకీ విడిచిపెట్టదలచిన వీరుడు, అతనికి దూరమైన కొడుకు అనే ఇతివృత్తం అమెరికన్ వెస్టర్న్ చలనచిత్రాలలో పలుమార్లు కనిపిస్తుంది. 1950లో వెలువడిన ‘ది గన్‌ఫైటర్’ అందులో ముఖ్యమైనది. ఆ చిత్రంలోని తండ్రీకొడుకుల సంబంధాన్ని టెక్సస్‌కు చెందిన జాన్ వెస్లీ హార్డిన్ (1853–1895) జీవితంతో పక్కపక్కన పెట్టి, చరిత్రలో కుదరని కలయికను సినిమా ఎలా సాధ్యం చేసిందో, అందుకు చరిత్రలో దేనిని విడిచిపెట్టవలసి వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వెస్టర్న్ చిత్రం, తుపాకీ వీరుడు, పితృత్వం, టెక్సస్ పునర్నిర్మాణ యుగం, ఆత్మకథ, హార్డిన్.

ప్రవేశిక

తుపాకీ వీరుని కథ సాధారణంగా అతని విజయాల కథ. ఆ విజయాలు ముగిసిన తరువాత అతడు ఏమయ్యాడన్న ప్రశ్నను హాలీవుడ్ ఆలస్యంగా వేసుకుంది. హెన్రీ కింగ్ దర్శకత్వంలో ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ సంస్థ 1950లో విడుదల చేసిన ‘ది గన్‌ఫైటర్’ ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. గ్రెగరీ పెక్ పోషించిన జిమ్మీ రింగో అనే పాత్రకు చేతివేగంలో సాటి లేదన్న పేరుంది. ఆ పేరు అతనికి ఇల్లు, స్నేహితులు, నిద్ర, అన్నీ లేకుండా చేసింది. మంచి గడియారమైనా సంపాదించుకోలేకపోయానని అతడు ఒకచోట వాపోతాడు. ఎనిమిదేళ్ళుగా చూడని భార్యను, తానెవరో తెలియకుండానే పెరిగిన కొడుకును చూడడానికి కేయెన్ అనే చిన్న పట్టణానికి వస్తాడు. కథ అంతే.

ఈ చిత్రాన్ని వెస్టర్న్ చిత్రాల పరిణామంలో ఒక మలుపుగా చాలామంది విమర్శకులు గుర్తించారు. రాబర్ట్ వార్షో 1954లో వెస్టర్న్ వీరుని గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో దీనిని ప్రత్యేకంగా ప్రస్తావించాడు. అయితే ఈ చర్చలు ఎక్కువగా వీరుని ఒంటరితనం మీద, అనివార్యమైన అతని మరణం మీద నడిచాయి. కొడుకు పాత్రను కథలో కన్నీటి కోసం చేర్చిన ఉపాంగంగా చూడడమే ఎక్కువ. ఆ బాలుడే ఈ చిత్రానికి కేంద్రమని, అతనికి తండ్రి గురించి ఏమి చెప్పాలన్నదే ఇందులోని అసలు చిక్కు అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మద్యశాలలో ఒక ఉదయం

సినిమాలో అధికభాగం ఒక మద్యశాలలో, గోడగడియారం చూపిస్తుండగా గడుస్తుంది. (అక్కడి వ్యవహారంలో ‘సెలూన్’ అంటే మద్యశాల; మనకు ఆ మాట క్షవరశాలకు స్థిరపడింది.) రెండేళ్ళ తరువాత ‘హై నూన్’ చిత్రం గడియారాన్ని ఇంతకంటే ప్రసిద్ధంగా వాడుకుంది గాని, ఇక్కడ గడియారానికి ఉన్న అర్థం వేరు. ‘హై నూన్’లో గడియారం శత్రువు రాకను లెక్కిస్తుంది. ఇందులో ఒక తండ్రికి కొడుకును చూడడానికి ఎంత వ్యవధి మిగిలిందో లెక్కిస్తుంది. అంతకుముందు మరో ఊళ్ళో రింగోను కవ్వించి ప్రాణం పోగొట్టుకున్న ఎడ్డీ అనే యువకుని ముగ్గురు అన్నదమ్ములు అతని వెంట పడి వస్తుంటారు. వారు చేరేలోగా అతడు ఊరు విడవాలి.

ఊరి మార్షల్ మార్క్ స్ట్రెట్ ఒకప్పుడు రింగోతో కలిసి తిరిగినవాడే. తుపాకీ వదిలి చట్టం పక్షాన నిలిచాడు. భార్య పెగ్గీ ఇంటిపేరు మార్చుకుని వాల్ష్ అనే పేరుతో బడిపంతులమ్మగా బతుకుతోంది. ఆమె ఎవరి భార్యో, బాలుడు ఎవరి కొడుకో ఊరికి తెలియదు. పేరు దాచడం ఇక్కడ ఒక రక్షణ ఏర్పాటు. తండ్రి పేరు కొడుకుకు అంటకుండా తల్లి కాపాడుతోంది.

రింగో వచ్చాడని తెలియగానే బడిపిల్లలు తరగతులు ఎగ్గొట్టి మద్యశాల ముందు గుమికూడతారు. కిటికీలకు ముఖాలు ఆనించి చూస్తారు. ఆ గుంపులో రింగో కొడుకూ ఉన్నాడు. అందరిలాగానే అతడూ ఒక ప్రసిద్ధ హంతకుణ్ణి చూడడానికి వచ్చాడు. ఈ సన్నివేశం మీద దర్శకుడు ప్రత్యేకంగా ఒత్తిడి పెట్టలేదు. అయినా చిత్రంలోని బాధంతా ఇక్కడే ఉంది. కొడుకు ఇప్పటికే తండ్రిని ఆరాధిస్తున్నాడు, కాని తండ్రిగా కాదు. ఆ ఆరాధనే రింగోకు భయం. తనను చంపి పేరు తెచ్చుకోవాలని చూసే హంట్ బ్రామ్లీ వంటి కుర్రవాళ్ళు ఒకప్పుడు ఇలా కిటికీల దగ్గర నిలబడి చూసినవాళ్ళే.

ఎట్టకేలకు తండ్రీకొడుకులు ఒకే గదిలో కలుసుకుంటారు. రింగో తాను తండ్రినని చెప్పడు. తుపాకీ వీరులలో అందరికన్నా గట్టివాడు ఎవరన్న మాట వస్తే, బాలునికి వయట్ ఎర్ప్ పేరు తడుతుంది. రింగో మాత్రం అందరిలోకీ గట్టివాడు ఈ ఊరి మార్షల్ స్ట్రెట్ అంటాడు. తుపాకీ లేకుండా ఊరిని నడిపే మనిషిని కొడుక్కి ఆదర్శంగా చూపిస్తున్నాడన్నమాట. తండ్రి తన గొప్పను తానే తగ్గించుకుని కొడుక్కి ఇచ్చే వారసత్వం ఇది. వెస్టర్న్ చిత్రాలలో వందల తుపాకీ పోరాటాలు ఉండవచ్చు. ఇంతటి నిగ్రహం ఉన్న సంభాషణలు అరుదు.

ఇదే చిత్రంలో మరొక తండ్రి ఉన్నాడు. అతని పేరు మార్లో. తన కొడుకును రింగోయే చంపాడని నమ్మి, వీధికి అవతల కిటికీలో తుపాకీ గురిపెట్టి కూర్చుంటాడు. రింగో అతణ్ణి పట్టుకుని నిరాయుధుణ్ణి చేస్తాడు. ఆ హత్య తాను చేయలేదంటాడు, ప్రేక్షకుడూ నమ్ముతాడు. కథ నిర్మాణంలో ఇది ఉపకథే. అయితే కొడుకు కోసం వచ్చిన తండ్రి మీద, కొడుకును పోగొట్టుకున్న తండ్రి గురిపెట్టడంలో ఉన్న న్యాయాన్ని చిత్రం ఒక్క క్షణం గుర్తించి, వెంటనే అతడు పొరబడ్డాడని తేల్చి తప్పించుకుంది. ఆ తప్పించుకోవడం గురించి తరువాత చెప్పుకోవలసి ఉంది.

ముగింపు ఘట్టం ప్రసిద్ధమే. భార్య ఒక ఏడాది గడువు ఇస్తుంది. ఏడాదిపాటు హింసకు దూరంగా ఉండగలిగితే కలిసి బతకవచ్చన్న ఆశతో రింగో గుర్రమెక్కబోతుండగా బ్రామ్లీ చాటు నుంచి కాలుస్తాడు. చనిపోతూ రింగో తానే ముందు తుపాకీ తీశానని చెప్పమంటాడు. బ్రామ్లీని ఉరికంబం నుంచి కాపాడడం అతని ఉద్దేశం కాదు. రింగోను చంపినవాడన్న పేరుతో బ్రామ్లీ బతకాలి, తనలాగే ప్రతి ఊళ్ళోనూ ఒక కుర్రవాడు అతనికోసం కాచుకుని ఉండాలి. శాపాన్ని హంతకునికి అప్పగించి, కొడుకును దానికి దూరం చేశాడు. అంత్యక్రియలకు జనం కిక్కిరిసిన చర్చి వాకిట పెగ్గీ మొదటిసారిగా తాను జిమ్మీ రింగో భార్యనని చెబుతుంది. కొడుకు చేయిపట్టుకుని లోపలికి నడుస్తుంది. తండ్రి బతికి ఉండగా భారమైన పేరును అతని మరణం తరువాత బాలుడు ధరించవచ్చు.

చరిత్రలోని కొడుకు

జిమ్మీ రింగో అనే పేరు 1882లో ఆరిజోనాలో మరణించిన జాన్ రింగోను గుర్తు చేస్తుంది. సినిమా కథకు ఆ వ్యక్తి జీవితంతో సంబంధం లేదు. ఇలా పేరు మాత్రమే అరువు తెచ్చుకోవడం హాలీవుడ్‌కు అలవాటు. తుపాకీ విడిచిపెట్టిన తండ్రి, అతణ్ణి ఎరుగని కొడుకు అన్న పరిస్థితికి చారిత్రకంగా దగ్గరి సాదృశ్యం కావాలంటే టెక్సస్ వైపు చూడాలి.

జాన్ వెస్లీ హార్డిన్ 1853లో బాన్హమ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి మెథడిస్టు బోధకుడు. ఆ శాఖ స్థాపకుని పేరే కొడుక్కి పెట్టుకున్నాడు. పదిహేనేళ్ళ వయసులో, 1868లో, హార్డిన్ మేజ్ అనే నల్లజాతి మనిషిని చంపాడు. మేజ్ అంతకు మూడేళ్ళ క్రితం వరకు బానిస. ఇద్దరి మధ్య కుస్తీ పోటీ, ఆపై తగవు, మరునాడు దారిలో కాల్పులు. ఇదంతా హార్డిన్ తరువాత తన ఆత్మకథలో చెప్పుకున్న వృత్తాంతమే. అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది రాష్ట్రాలు అప్పుడు సమాఖ్య సైన్యం పర్యవేక్షణలో ఉన్నాయి. నల్లజాతి వ్యక్తి హత్యకు తెల్ల కుర్రవానికి శిక్షపడే అవకాశం కొత్తగా ఏర్పడిన కాలం అది. బోధకుడైన తండ్రి కొడుకును చట్టానికి అప్పగించలేదు. ఆ ప్రభుత్వం చేతిలో న్యాయం జరగదని, దాక్కోమని పంపాడు. తుపాకీ వీరుని తొలి పాఠం తండ్రి దగ్గరే మొదలైంది.

తరువాతి హత్యలలో చాలావాటికి నేపథ్యం ఆ యుగమే. సమాఖ్య సైనికులు, పునర్నిర్మాణ ప్రభుత్వం నియమించిన రాష్ట్ర పోలీసులు, స్వేచ్ఛ పొందిన నల్లవారు అతని తుపాకీకి గురయ్యారు. తాను చంపినవారు నలభైకి పైగా ఉన్నారని హార్డిన్ లెక్క చెప్పుకున్నాడు. చరిత్రకారులు నిర్ధారించగలిగిన సంఖ్య అంతకంటే చాలా తక్కువ. 1874లో కోమాంచీ పట్టణంలో డిప్యూటీ షెరీఫ్ చార్లెస్ వెబ్‌ను చంపడంతో పరిస్థితి మారింది. హార్డిన్ పారిపోయాడు. ఊరిజనం ఆగ్రహానికి అన్న జో బలయ్యాడు. 1877 ఆగస్టులో ఫ్లోరిడాలోని పెన్సకోలాలో హార్డిన్ పట్టుబడ్డాడు. వెబ్ హత్యకు 25 ఏళ్ళ కారాగారశిక్ష పడింది.

తండ్రి పట్టుబడేనాటికి కొడుకు జాన్ వెస్లీ జూనియర్‌కు ఏడాది దాటింది. హంట్స్‌విల్ కారాగారంలో హార్డిన్ మొదట పారిపోవడానికి ప్రయత్నించి కొరడాదెబ్బలు తిన్నాడు. క్రమంగా దైవశాస్త్రం చదివాడు, జైలులోని ఆదివారపు బడికి పర్యవేక్షకుడయ్యాడు, న్యాయశాస్త్రం చదువుకున్నాడు. భార్య జేన్‌కు, పిల్లలకు రాసిన ఉత్తరాలు గ్రంథరూపంలో వెలువడ్డాయి. వాటిలోని తండ్రి హితబోధకుడు. సత్ప్రవర్తన, చదువు, తల్లిమాట వినడం గురించి రాస్తాడు. కారాగారపు గోడల వెనుక నుంచి నడిచిన ఈ పితృత్వం పూర్తిగా అక్షరాలలోనిది. పిల్లలు తండ్రిని చదివారు గాని చూడలేదు.

1892 నవంబరులో జేన్ మరణించింది. 1894 ఫిబ్రవరిలో హార్డిన్ విడుదలయ్యాడు. మార్చిలో క్షమాభిక్ష లభించింది. న్యాయవాది పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. అప్పటికి కొడుకు పదిహేడేళ్ళవాడు. అంటే తాను మేజ్‌ను చంపినప్పటి వయసు కంటే రెండేళ్ళు పెద్దవాడు. సినిమా రచయితలైతే ఇక్కడ సన్నివేశం రాసి ఉండేవారు. చరిత్రలో జరిగినది వేరు. తండ్రి గొంజాలెస్‌లో కొంతకాలం వకీలుగా ఉన్నాడు. షెరీఫ్ ఎన్నిక గొడవలలో తలదూర్చి, ఓడినవారి పక్షాన మిగిలి, ఊరు విడిచిపెట్టాడు. పిల్లలు కుటుంబ మిత్రుల ఆదరణలోనే ఉండిపోయారు. 1895 జనవరిలో తన కూతుళ్ళ ఈడు పిల్లను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె అతణ్ణి వెంటనే విడిచి వెళ్ళింది. అక్కడినుంచి ఎల్ పాసో నగరం, మద్యం, జూదం.

ఎల్ పాసోలో అతని మరణానికి దారితీసిన తగవు కూడా ఒక తండ్రీకొడుకులతోనే. జాన్ సెల్మన్ అనే పోలీసు కుమారుడు, తానూ పోలీసైన చిన్న సెల్మన్, హార్డిన్‌తో సంబంధమున్న స్త్రీని అరెస్టు చేశాడు. హార్డిన్ బెదిరించాడు. కొడుకు తరఫున తండ్రి సెల్మన్ మాటకు మాట అన్నాడు. 1895 ఆగస్టు 19 రాత్రి ఆక్మీ మద్యశాలలో పాచికలాడుతున్న హార్డిన్‌ను పెద్ద సెల్మన్ కాల్చి చంపాడు. వెనుకనుంచి కాల్చాడా, ఎదురుగానా అన్న వివాదం నడిచింది. విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. మరుసటి ఏడాది సెల్మన్ కూడా తుపాకీ గుండుకే పోయాడు. కొడుకుకోసం నిలబడిన తండ్రి, కొడుకును ఎరుగని తండ్రిని చంపాడు. ఇది ఏ రచయితా కల్పించలేదు.

రెంటి మధ్య దూరం

ఈ రెండు కథలకూ ప్రత్యక్ష సంబంధం ఉందని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం కాదు. ‘ది గన్‌ఫైటర్’కు మూలకథ విలియం బవర్స్, ఆండ్రే డి టోత్ కల్పించినది, ఆస్కారు పురస్కారానికి ప్రతిపాదన పొందినది. పోలిక వల్ల తెలిసేది కల్పన ఏ పని చేస్తున్నదన్న విషయం.

మొదటిది, కొడుకు వయస్సు. చిత్రంలో బాలుడు ఎనిమిదేళ్ళవాడు. తండ్రి మాటను ప్రశ్నించని వయసు. హార్డిన్ కొడుకు తండ్రిని కలిసే నాటికి ప్రశ్నించగలిగినవాడు. క్షమాపణ ఎవరినుంచి సులభంగా దొరుకుతుందో కథకులకు తెలుసు. హెన్రీ లెవిన్ దర్శకత్వంలో 1957లో వచ్చిన ‘ది లోన్లీ మ్యాన్’ ఈ సౌలభ్యాన్ని కాదనుకుంది. అందులో జాక్ పాలెన్స్ పోషించిన జేకబ్ వేడ్ వయసు మళ్ళిన తుపాకీ వీరుడు. ఆంథోనీ పెర్కిన్స్ పోషించిన కొడుకు రైలీ యువకుడు. తల్లినీ తననూ వదిలిపోయాడన్న ద్వేషంతో తండ్రిని తీర్పు తీర్చడానికే వెంట నడుస్తాడు. తండ్రికి చూపు మందగిస్తుంటుంది. గురి చూసి బతికిన మనిషికి కంటిచూపు పోవడం కొంచెం ఎక్కువ అమరికగా కనిపించినా, కొడుకు ముఖాన్ని తండ్రి సరిగా చూడలేకపోవడం మాత్రం కథకు న్యాయం చేసింది. కళాత్మకంగా ఇది ‘ది గన్‌ఫైటర్’ స్థాయి చిత్రం కాదు. కాని కొడుకుకు ప్రశ్నించే నోరు ఇచ్చినందుకు దానిని గుర్తుంచుకోవాలి. తుపాకీ వదలాలనుకున్న తండ్రి మరణించనిదే సయోధ్య కుదరదన్న నియమాన్ని ఇదీ దాటలేదు.

రెండవది, కాలం. యుద్ధం ముగిసి ఇంటికి వచ్చిన లక్షలాది అమెరికన్ తండ్రులను అపరిచితులుగా చూసిన పిల్లలు 1950 నాటి ప్రేక్షక సమాజంలో ఉన్నారు. చంపడం వృత్తిగా కొన్నేళ్ళు గడిపివచ్చిన తండ్రి, ఆ సంగతి పిల్లలకు ఎంతవరకు చెప్పాలి? ఈ ప్రశ్నను నేరుగా అడగలేని సమాజం దానిని 1880ల పట్టణంలో ఉంచి చూసిందని అనుకోవడం అసంగతం కాదు. రింగో మౌనానికి ఆ ప్రేక్షకులు ఇచ్చుకున్న అర్థం మనకంటే గాఢంగా ఉండి ఉంటుంది. అయినా చిత్రం ఆశించినంత ఆర్జించలేదు. పెక్ పెంచిన బరువైన మీసమే కారణమని స్టూడియోలో నిందించినట్టు ప్రసిద్ధి.

మన సాహిత్యంతో పరిచయమున్నవారికి ఇక్కడ బభ్రువాహనుడు గుర్తుకు రాక మానడు. అశ్వమేధపర్వంలో అర్జునుణ్ణి వినయంతో ఎదుర్కొన్న కొడుకును తండ్రే మందలిస్తాడు. క్షత్రియుడవై పోరాడకుండా స్వాగతం పలుకుతావా అని అడుగుతాడు. కొడుకు చేతిలో పడిపోయి, ఉలూపి తెచ్చిన మణితో లేస్తాడు. అక్కడ శస్త్రం తండ్రీకొడుకులను కలిపే గుర్తు. రింగో కథలో శస్త్రం గురించి కొడుక్కి తెలియకపోవడమే తండ్రి కోరిక. వెస్టర్న్ సంప్రదాయం 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ ద్వారా తెలుగు తెరకు చేరినప్పుడు దానికి దారి చూపినవి ఇటాలియన్ వెస్టర్న్‌లు. తుపాకీ విడిచిన తండ్రి కథ ఆ దారిలో మన దాకా రాలేదు.

విడిచిపెట్టినది

రింగో చేతిలో చనిపోయినవారిని చిత్రం మనకు ఎలా చూపిస్తుందో గమనించాలి. తెరమీద చనిపోయే ఎడ్డీ తానే కవ్వించిన తెల్ల కుర్రవాడు. మార్లో కొడుకును రింగో చంపలేదు. మిగిలినవారంతా సంఖ్యగా, వదంతిగా మాత్రమే ఉన్నారు. కొడుకు ముందు నిలబడగలిగేంత శుభ్రంగా తండ్రిని తయారుచేయడానికి ఈ ఏర్పాటు అవసరమైంది. నిజానికి తుపాకీ వీరుల లోకం సినిమా చూపినంత నిరంతర హత్యల లోకం కాదు. రాబర్ట్ డిక్స్ట్రా పరిశోధన ప్రకారం 1870–1885 మధ్య కాన్సస్‌లోని అయిదు ప్రధాన పశువిక్రయ పట్టణాలలో కలిపి జరిగిన హత్యలు 45. టెక్సస్‌లో పునర్నిర్మాణ యుగపు హింస స్వభావం వేరు. దానికి జాతి ఉంది, రాజకీయం ఉంది. వీధిమధ్య ఎదురెదురు నిలబడి చేతివేగం పరీక్షించుకునే ద్వంద్వయుద్ధపు చిత్రణ ఆ హింసను ఇద్దరు సమానుల పందెంగా మార్చింది. మేజ్‌కు ఆ పందెంలో చోటు లేదు.

రింగో తన గతాన్ని కొడుక్కి చెప్పకుండా చనిపోయాడు. ఆ మౌనాన్ని చిత్రం ప్రేమగా చూపింది, నిజమే. హార్డిన్ మౌనం వహించలేదు. ఎల్ పాసోలో చివరి నెలల్లో తన జీవితాన్ని రాసుకున్నాడు. అతని మరణానంతరం 1896లో టెక్సస్‌లోని సెగీన్ పట్టణంలో ఆ పుస్తకం అచ్చయింది. అందులో ప్రతి హత్యకూ ఒక సమర్థన ఉంది, ప్రతిసారీ ఎదుటివాడిదే మొదటి తప్పు. అతని కొడుక్కి అప్పటికి ఇరవై ఏళ్ళు. తన పేరే అట్టమీద ఉన్న ఆ పుస్తకం తెరిస్తే తొలి పుటలలోనే మేజ్ మరణం ఎదురవుతుంది. చెబుతున్న గొంతు తండ్రిది. మేజ్ వైపునుంచి చెప్పేవారు ఆ పుస్తకంలో ఎవరూ లేరు.